మెటార్ చదవడం వచ్చు, రిలీజ్ మీద సంతకం పెట్టాలంటేనే భయం

ఒక ఫ్లైట్ డిస్పాచర్ నుంచి పెద్ద ఉత్తరం వచ్చింది. డిస్పాచర్ అంటే నేల మీద కూర్చుని విమానానికి దారి, ఇంధనం, వాతావరణం చూసి ప్లాన్ వేసి, బయల్దేరొచ్చని సంతకం పెట్టి కాగితం (రిలీజ్) ఇచ్చే మనిషి. పేరు, ఊరు, సంస్థ ఏవీ రాయొద్దన్నారు. ఆమెకు 27 ఏళ్లు. డెస్క్ మీదకు వచ్చి పది నెలలైంది. ట్రైనింగ్‌లో వాతావరణం సబ్జెక్టులో బ్యాచ్ మొత్తానికీ ఆమే ఫస్ట్.

మూడు నెలల క్రితం ఒక నైట్ షిఫ్ట్‌లో, తెల్లవారుజామున దిగాల్సిన ఒక విమానాన్ని ప్లాన్ చేశారు. నాలుగు గంటల ప్రయాణం. గమ్యం ట్యాఫ్‌లో (విమానాశ్రయానికి ఇచ్చే వాతావరణ అంచనాలో) విజిబిలిటీ 4000 మీటర్లు, తేలికపాటి మంచు అని ఉంది. దాని కింద ఒక లైను: ప్రాబ్ 30 టెంపో, 23 నుంచి 03 గంటల వరకు, 0500 ఎఫ్‌జీ. అంటే ఆ వేళల్లో మధ్యమధ్య పొగమంచు పట్టి విజిబిలిటీ 500 మీటర్లకు పడిపోయే అవకాశం 30 శాతం. ఆ లైను దగ్గర ఆమె ఆగారు. పక్క సీటులోని సీనియర్ నవ్వి, "ప్రాబ్ 30లు పట్టుకుని కూర్చుంటే ఒక్క విమానం కూడా కదలదమ్మా" అన్నారు. ఆల్టర్నేట్ (గమ్యంలో దిగలేకపోతే వెళ్లే వేరే విమానాశ్రయం) ఉంది, దానికి ఇంధనం ఉంది, ఫైనల్ రిజర్వ్ (ముట్టుకోకూడని చివరి ఇంధనం) ఉంది. అన్నీ రూల్ ప్రకారమే. రిలీజ్ చేశారు.

పొగమంచు రానే వచ్చింది. విమానం 25 నిమిషాలు హోల్డింగ్‌లో, అంటే గాల్లోనే చక్కర్లు తిరిగి, ఆల్టర్నేట్‌కి వెళ్లి క్షేమంగా దిగింది. కానీ అప్పటికే అక్కడికి అరడజను విమానాలు చేరిపోయాయి. పార్కింగ్ దొరకలేదు, ఇంధనం బండి రాలేదు. ప్రయాణికులు మూడు గంటలు విమానంలోనే కూర్చున్నారు. కెప్టెన్ ఫోన్ చేసి, "ట్యాఫ్ చదవడం రాకపోతే చెప్పండి, మేమే చదువుకుంటాం" అన్నారట.

అప్పటి నుంచి ఆమె ప్రతి విమానానికీ 1500 కిలోల ఇంధనం అదనంగా వేస్తున్నారు. ఆకాశం నిర్మలంగా ఉన్నా సరే. ఇంటికెళ్లాక కూడా ఫోన్లో తన విమానాల మెటార్లు (విమానాశ్రయాల నుంచి ఎప్పటికప్పుడు వచ్చే వాతావరణ రిపోర్టులు) చూస్తూనే ఉంటారు. రిలీజ్ బటన్ దగ్గరికి వచ్చేసరికి చేతులు చల్లబడిపోతున్నాయట. వచ్చే నెల సామర్థ్య పరీక్ష ఉంది. ఇంతలో క్రూ షెడ్యూలింగ్‌లో (సిబ్బందికి డ్యూటీలు వేసే విభాగంలో) ఖాళీ పడింది, ఈ వారంలోనే అప్లై చేయాలి. "వాతావరణం అర్థం కావడం అనేది పుట్టుకతో రావాలా? నాకు రాదేమో. ఆ సీనియర్‌తో ఎలా వేగాలి? వెళ్లిపోనా, ఉండనా?" అని అడిగారు. ఆ రాత్రి మెటార్లన్నీ ఉత్తరానికి జత చేశారు.

---

ఉత్తరం ఒకసారి చదివి, మీరు పంపిన మెటార్లు ముందేసుకుని కూర్చున్నాను. నేనూ చాలా ఏళ్లు డిస్పాచ్ డెస్క్ మీద పనిచేసినవాణ్నే. మనుషులు చెప్పే కథ కంటే రిపోర్టులు చెప్పే కథ ముందు చూడటం అలవాటైపోయింది.

వరసగా పెడుతున్నాను, మీరూ చూడండి. అన్నీ యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం, మీ ఊరి గడియారం కాదు. 20:30కి గాలి 4 నాట్లు, విజిబిలిటీ 5000, ఉష్ణోగ్రత 15, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటి తుంపరగా మారే ఉష్ణోగ్రత) 11. 21:30కి, అంటే మీ విమానం బయల్దేరే వేళకి, గాలి 3, విజిబిలిటీ 4500, 13కి 11. 22:30కి గాలి 2, విజిబిలిటీ 4000, 12కి 11. 23:30కి గాలి లేదు, విజిబిలిటీ 3000, 11కి 11. 00:30కి 1200 మీటర్లు. 01:00కి 400, ఎఫ్‌జీ. మీ విమానం చేరాల్సింది 01:30కి. సూర్యోదయం 01:20కి.

సాయంత్రం వాన పడి వెలిసిందని మీరే రాశారు. తడి నేల, మబ్బు లేని ఆకాశం, చచ్చుబడిన గాలి, గంటగంటకీ దగ్గరపడుతున్న రెండు అంకెలు. రేడియేషన్ ఫాగ్‌కి, అంటే రాత్రి నేల చల్లబడి పట్టే పొగమంచుకి, ఇంతకంటే ఏం కావాలి? పాఠ్యపుస్తకంలో బొమ్మ వేసినట్టుంది. ఒక్క మెటార్ చూస్తే ఏమీ తెలియదు. నాలుగు పక్కపక్కన పెడితే అది ఎటు పోతోందో తెలుస్తుంది. ఇది మీకు తెలియదని నేను అనుకోవడం లేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు ఆ 1500 కిలోల సంగతి. ఆ రాత్రి అది ట్యాంకులో ఉంటే ఏమయ్యేది? మీడియం సైజు జెట్ అయితే ఇంకో అరగంట పైన తిరిగేది. అంటే దాదాపు 02:30 దాకా. అప్పటికి పొగమంచు విడిపోయిందా? మీరు పంపిన కాగితాల్లో 03:00కి కూడా 300 మీటర్లే ఉంది. విడిపోదు కూడా. సూర్యుడు రాగానే రేడియేషన్ ఫాగ్ కరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. తొలి వెలుగుకి నేల దగ్గర గాలి కొంచెం కదిలి, మొదట్లో అది ఇంకా చిక్కబడటం మామూలే. కరగడానికి తర్వాత గంటలు పట్టొచ్చు. ఆ విమానాశ్రయంలో క్యాట్ 1 (పరికరాల సాయంతో దిగే పద్ధతుల్లో మొదటి స్థాయి) మాత్రమే ఉందన్నారు. దానికి మామూలుగా కనీసం 550 మీటర్ల ఆర్‌వీఆర్ (రన్‌వే మీద కనిపించే దూరం) కావాలి. కాబట్టి మీరు మూడు నెలలుగా ఏ ఇంధనం వేయలేదని కుమిలిపోతున్నారో, అది ఆ విమానాన్ని అక్కడ దించేది కాదు. అరగంట ఆలస్యంగా అదే ఆల్టర్నేట్‌కి పంపేది, అంతే. అప్పటికి అక్కడ విమానాలు ఇంకో నాలుగు ఎక్కువ ఉండేవి.

ఇంకో మాట. డైవర్ట్ కావడాన్ని మీరు మీ తప్పుకి రుజువుగా చూస్తున్నారు. ఆల్టర్నేట్ పెట్టిందే అందుకు కదా. గమ్యం మూసుకుపోయింది, విమానం ఆల్టర్నేట్‌కి వెళ్లింది, ఫైనల్ రిజర్వ్ 30 నిమిషాలూ ముట్టకుండా దిగింది. మీ ప్లాన్ పనిచేసింది. బాగుందా అంటే వేరే సంగతి. పనిచేసింది.

ఇప్పుడు అసలు విషయం. మీ ఉత్తరం మూడో పేజీలో, సీనియర్ గురించి చెబుతూ చెబుతూ మధ్యలో ఒక వాక్యం రాశారు: "23:30 మెటార్ చూసి మెసేజ్ పెడదామనుకున్నాను, కానీ కెప్టెన్ కూడా చూస్తూనే ఉంటారు కదా, మళ్లీ నవ్వుతారేమో అని ఊరుకున్నాను." మరుసటి వాక్యంలోనే వేరే విషయానికి వెళ్లిపోయారు. నాకు మాత్రం ఉత్తరం మొత్తం అక్కడే ఉంది. మీకు వాతావరణం తెలియదని నేనెందుకు ఒప్పుకోనో ఇప్పుడు అర్థమైందా? మీకు తెలిసింది. 23:30కే తెలిసింది. మీరు మెసేజ్ పంపింది 00:50కి. మధ్యలో గంటా ఇరవై నిమిషాలు.

ఆ గంటా ఇరవై నిమిషాల్లో ఏం చేయొచ్చో చూడండి. 23:30కి విమానం ఇంకా రెండు గంటల దూరంలో, పైన క్రూజ్‌లో ఉంది. "గమ్యంలో గాలి ఆగిపోయింది, స్ప్రెడ్ (ఉష్ణోగ్రతకీ డ్యూ పాయింట్‌కీ తేడా) సున్నా, 3000కి పడిపోయింది, ఫాగ్ ఖాయంగా కనిపిస్తోంది, మీ ఆల్టర్నేట్ మీదకే అందరూ వస్తారు, ఇంకో చోటు చూస్తున్నాను" అని ఏకార్స్‌లో (విమానానికి మెసేజ్‌లు పంపే వ్యవస్థలో) నాలుగు ముక్కలు పంపి ఉంటే, కెప్టెన్‌కి ఆలోచించుకోవడానికి టైమ్ దొరికేది. వేరే ఆల్టర్నేట్‌కి మార్చుకోవచ్చు. హోల్డింగ్‌లో 25 నిమిషాలు కాల్చకుండా నేరుగా అటే తిరగొచ్చు. మీరు అక్కడి గ్రౌండ్ స్టాఫ్‌కి ఫోన్ చేసి పార్కింగ్ అడిగి పెట్టుకోవచ్చు. డైవర్షన్ రోజున ముందు చేరినవాళ్లకే చోటు. ఆరు విమానాల తర్వాత వెళ్లేసరికి ఏముంటుంది? కెప్టెన్ కోపం ట్యాఫ్ మీద కాదని నా అనుమానం. ఆ మూడు గంటల మీద అయి ఉంటుంది. నోటికొచ్చింది ట్యాఫ్ మాట. ఆ రిలీజ్‌ని ఒప్పుకుని బయల్దేరింది ఆయన కూడానన్నది మర్చిపోకండి. ఆ లైను ఆయన కాగితాల్లోనూ ఉంది.

నేను మిమ్మల్ని తిట్టడం లేదు. కొత్తవాళ్లు నోరు తెరవకపోవడానికి కారణం నాకు బాగా తెలుసు. నా రెండో ఏట, రాడార్ మీద ఉరుముల వరస ఒకటి ఆల్టర్నేట్ వైపు తిరగడం చూసి కూడా, పైవాళ్లు చూసుకుంటారులే అని పావుగంట చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి ఎవరూ అడగలేదు. ఆ పావుగంట మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరూ చదవాల్సిన ప్రమాదం ఒకటుంది. 1990 జనవరి 25న కొలంబియా నుంచి న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయానికి వస్తున్న అవియాంకా 52. బోయింగ్ 707. వాతావరణం బాగోలేక దారిలో మూడు చోట్ల కలిపి గంటా పదిహేడు నిమిషాలు హోల్డింగ్‌లో ఉంచారు. ఒకసారి దిగబోయి, గాలి తీరు మారిపోవడంతో దిగలేక మళ్లీ లేచారు. చివరికి ఇంధనం అయిపోయి లాంగ్ ఐలండ్‌లో కూలింది. 158 మందిలో 73 మంది చనిపోయారు. ఇంధనం ఎమర్జెన్సీ అని కంట్రోలర్లకు సరిగ్గా చెప్పకపోవడం గురించే అందరూ మాట్లాడుకుంటారు. దర్యాప్తు నివేదికలో ఇంకో ముక్క కూడా ఉంది: అలాంటి రద్దీ విమానాశ్రయానికి, అలాంటి వాతావరణంలో వెళ్తూ సాయం చేయగల డిస్పాచ్ వ్యవస్థను సిబ్బంది వాడుకోలేదు అని. పైన ఉన్నవాళ్లు అడగలేదు, కింద నుంచి ఎవరూ చెప్పలేదు. మీ రాత్రికీ దానికీ పోలిక పెట్టడం లేదు. మీ విమానంలో ఇంధనం నిండుగా ఉంది. కానీ మీ కుర్చీ ఎందుకుందో దానివల్ల తెలుస్తుంది. అమెరికా నిబంధనల్లో అయితే కెప్టెన్‌తో పాటు డిస్పాచర్‌దీ ఉమ్మడి బాధ్యత. ఇద్దరిలో ఏ ఒక్కరికి సురక్షితం కాదనిపించినా ఆ విమానాశ్రయం వైపు కొనసాగకూడదు. మీ దగ్గర చట్టం వేరుగా ఉండి, చివరి మాట కెప్టెన్‌దే కావచ్చు. మొదటి మాట మీరు చెప్పడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.

ఇక మీ సీనియర్. ఆయన్ని దుర్మార్గుణ్ని చేసేయకండి, ఆయన మాటలో సగం నిజం ఉంది. కొన్ని నిబంధనల ప్రకారం గమ్యం కనీస ప్రమాణాలు సరిచూసేటప్పుడు ప్రాబ్ టెంపోని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. అమెరికాలో అలా కాదు. ప్రత్యేక మినహాయింపు ఉంటే తప్ప, ట్యాఫ్‌లో అలా షరతుగా రాసిన స్థితినే లెక్కలోకి తీసుకోవాలి. మీ ఆపరేషన్స్ మాన్యువల్ ఏమంటుందో తెరిచి, ఆ పేజీ నంబరుతో సహా మీకు తెలిసి ఉండాలి. అయితే రూల్ "లెక్కలో వదిలేయొచ్చు" అంటుంది. "మర్చిపోండి" అనదు. ఆయన ఈ రెంటినీ కలిపేశారు.

ఫోర్‌కాస్టర్ వైపు నుంచి చూడండి. ట్యాఫ్‌లో ప్రాబ్ అంటే 30 లేదా 40, వేరే అంకె ఉండదు. 30 కంటే తక్కువైతే రాయాల్సిన పనే లేదు. 50 గానీ అంతకు మించి గానీ అయితే ప్రాబ్ అనకుండా టెంపో అనో బెకమింగ్ (అలా మారిపోతుంది) అనో నేరుగా రాసేస్తారు. అంటే ఆ మనిషి వదిలేసే వీలున్నా వదలకుండా, పదింటిలో మూడు సార్లు ఇలా కావచ్చని కూర్చుని రాశారన్నమాట. పైగా టెంపో అంటే ఒక్కో విడత గంటలోపు, మొత్తం కలిపి ఆ వ్యవధిలో సగం లోపు. గాలి లేని రాత్రి పట్టిన రేడియేషన్ ఫాగ్ గంటలోపు వచ్చిపోతుందా? అక్కడ నేనైతే ట్యాఫ్‌తో కొంచెం వాదన పెట్టుకునేవాణ్ని. ఫోర్‌కాస్టర్‌కి ఫోన్ చేసి "మీ అనుమానం దేని మీద?" అని అడిగేవాణ్ని. వాళ్లు చెప్తారు. అడిగేవాళ్లు తక్కువ కాబట్టి సంతోషంగా చెప్తారు కూడా.

సీనియర్‌తో గొడవ పడొచ్చు, మౌనంగా ఉండొచ్చు. గొడవ పడితే మీరు పది నెలల మనిషి, ఆయన మాటే నెగ్గుతుంది. ఊరుకుంటే మూడు నెలల క్రితం జరిగిందే మళ్లీ జరుగుతుంది. మూడో దారి కూడా ఉంది. ఏదైనా ఒక ట్యాఫ్ ముందు పెట్టి, "దీన్ని మీరెందుకు వదిలేస్తున్నారో చెప్పండి, నేర్చుకుంటాను" అని అడగండి. కారణం ఉన్న మనిషైతే చెప్తారు, మీకు విద్య వస్తుంది. కారణం లేకపోతే, ఆ తర్వాత ఆయన నవ్వుకి మీరు ఇచ్చే విలువ దానంతటదే తగ్గిపోతుంది.

"పుట్టుకతో రావాలా?" అన్నారు. రానక్కర్లేదు. మీరు చదివిన వాతావరణం కోడ్ విప్పడం దగ్గర ఆగిపోయింది, అంతే. డెస్క్ మీద అవసరమైన ప్రశ్న వేరు: ఇది ఏ రకం వాతావరణం, ఎంతసేపు ఉంటుంది, పక్క ఊరిని కూడా పడుతుందా? ఇంధనం ఆ జవాబులోంచి రావాలి. రేడియేషన్ ఫాగ్ అయితే విడిపోయే వేళ సుమారుగా తెలుసు కాబట్టి, బయల్దేరడమే రెండు మూడు గంటలు వెనక్కి జరపడం ఒక్కోసారి అన్నిటికంటే చవక. సముద్రం మీద నుంచి గాలి మోసుకొచ్చే అడ్వెక్షన్ ఫాగ్ అయితే గాలి మారేదాకా రోజంతా ఉండొచ్చు. దానికి హోల్డింగ్ ఇంధనం వేయడం దండగ, దూరంగా లోపలి ప్రాంతంలో ఆల్టర్నేట్ కావాలి. ఒంటరి ఉరుముల మేఘం (సెల్) అయితే సాధారణంగా గంటలోపే చల్లబడుతుంది లేదా జరిగిపోతుంది. దానికి నలభై నిమిషాల హోల్డింగ్ ఇస్తే బంగారం. అదే సెల్స్ వరస కట్టి వస్తుంటే హోల్డింగ్ పనికిరాదు, ఆల్టర్నేట్ ఆ వరసకి అవతలి వైపు ఉండాలి. ఆల్టర్నేట్ దగ్గరగా ఉందని సంబరపడకూడదు. ఒకే లోయలో, ఒకే నది పక్కన, ఒకే గాలి కింద ఉన్న రెండు విమానాశ్రయాలు ఒకే రాత్రి కలిసి మూసుకుపోతాయి.

ఈ లెక్కలో మీ 1500 కిలోలు ఎక్కడా పొసగవు. అది వాతావరణం కోసం వేసింది కాదు, మీ టెన్షన్ కోసం వేసింది. మోటు లెక్కన, అదనంగా మోసే ఇంధనంలో గంటకు మూడు నాలుగు శాతం దాన్ని మోయడానికే కాలిపోతుంది. నాలుగు గంటల ప్రయాణంలో మీ 1500లో దాదాపు 200 కిలోలు ఊరికే పోతాయి. బరువు పరిమితి దగ్గర ఉన్న రోజు సరుకు దింపాల్సి వస్తుంది. అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకోటి. మీ అంకె ఎప్పుడూ ఒకటేనని కెప్టెన్లు పసిగట్టేస్తారు. నిజంగా కావాల్సిన రోజు మీరు అడిగితే "ఆవిడ ఎప్పుడూ అంతే" అనుకుంటారు.

వెళ్లాలా, ఉండాలా అన్నది నేను తేల్చే విషయం కాదు. వెళ్తే ఏమవుతుందో చెప్పగలను. నిద్ర వస్తుంది, చేతులు వేడెక్కుతాయి. శరీరం నిజంగా మొరాయిస్తుంటే అది చిన్న లాభం కాదు, అందులో సిగ్గుపడాల్సిందీ లేదు. కానీ డెస్క్‌కి దూరంగా 12 నెలలు గడిస్తే, తిరిగి రావడానికి చాలా చోట్ల మళ్లీ సామర్థ్యం నిరూపించుకోవాలి. పైగా "నాకు వాతావరణం రాదు" అనే అబద్ధం మీ మనసులో నిజంగా స్థిరపడిపోతుంది. ఇప్పుడున్నట్టే ఉండిపోతే వచ్చే నెల పరీక్షలో "ఈ 1500 ఎందుకు?" అని అడుగుతారు. మీ దగ్గర జవాబు లేదు.

ఉండి పద్ధతి మార్చుకునేట్టయితే నాకు తెలిసిన ఒక పని చెప్తాను. ప్రతి విమానానికీ ఒక్క వాక్యం రాసుకోండి: అదనపు ఇంధనం ఇంత, ఎందుకంటే ఇది. కారణం రాయలేకపోతే సున్నా వేయండి. దాని కింద ఇంకో వాక్యం: ఏది కనిపిస్తే నేను కెప్టెన్‌కి మెసేజ్ పెడతాను. "గాలి 3 నాట్ల లోపు, స్ప్రెడ్ 1 లోపు" అన్నట్టు, ముందే, కంగారు లేనప్పుడే రాసుకోవాలి. ఆ గీత దాటగానే పంపేయడమే. ఎవరు నవ్వుతారన్న ఆలోచనకి అక్కడ చోటుండదు. మొదట్లో విసుగ్గా ఉంటుంది, షిఫ్ట్‌కి అరగంట పని పెరుగుతుంది. వీలైతే కాక్‌పిట్ జంప్ సీటులో (అక్కడ ఉండే అదనపు సీటులో) కొన్ని ప్రయాణాలు చేయడానికి అనుమతి అడగండి. అమెరికాలో డిస్పాచర్లకు ఏడాదికి మామూలుగా ఐదు గంటలు అలా కాక్‌పిట్‌లో కూర్చోవడం నియమం. మీ మెసేజ్ పైన ఎలా చదువుతారో, ఎంత ఎదురుచూస్తారో అక్కడ కూర్చుంటే తెలుస్తుంది.

ఇంట్లో మెటార్లు చూడటం మాత్రం మానేయండి. షిఫ్ట్ దిగేటప్పుడు తర్వాతి వాళ్లకి మీ అనుమానాలు కాగితం మీద రాసిచ్చి రండి, ఆ విమానాలు ఇక వాళ్లవి. అలా చేసినా నెల దాటి నిద్ర పట్టకపోతే డాక్టర్‌కి చూపించుకోండి. నైట్ షిఫ్ట్‌లో నిద్ర చెడటం వేరు, భయంతో చెడటం వేరు. రెండూ కలిసినప్పుడు ఏది ఏదో మనకు మనం తేల్చుకోలేం.

ఆ కెప్టెన్‌కి ఫోన్ చేయాలా అని చివర్లో చిన్న అక్షరాలతో అడిగారు. చేయొచ్చు. సంజాయిషీలా కాకుండా, "ఆ రాత్రి 23:30కే నేను మెసేజ్ పెట్టాల్సింది, పెట్టలేదు. పెట్టి ఉంటే మీరేం చేసేవారు?" అని అడగండి. ఆయన మెత్తబడొచ్చు, పడకపోవచ్చు. జవాబు మాత్రం మీకు పనికొస్తుంది.

అప్లికేషన్‌కి ఇంకా నాలుగు రోజులుందన్నారు. ఈలోగా ఆ రాత్రి మెటార్లు మళ్లీ తీసి, ఏ రిపోర్టు దగ్గర మీరు మెసేజ్ పంపి ఉండేవారో పెన్నుతో ఒక గీత గీయండి. నా గీత 22:30 దగ్గర పడింది. మీది వేరే చోట పడితే, ఎందుకో రాయండి.